వస్తానన్న మాట

రోహిణి హెల్మెట్ పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగి, "వస్తాను నాన్నా" అంది.

సింహాద్రి చేతిలో పేపరు మడత సరిచేసుకున్నాడు. ఏదో వార్త మీద వేలు పెట్టి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. వంటింట్లోంచి అతని భార్య ఎర్నమ్మ "ఎల్లిరా తల్లీ" అంది. కూతురి స్కూటరు వీధి మలుపు తిరిగిన చప్పుడు వినబడ్డాకే అతని వేలు ఆ వార్త మీంచి లేచింది. అది ఏం వార్తో అతనికి తెలీదు.

ఆ ఇంట్లో ఏళ్ళుగా ఇదే వరస. వెళ్ళేవాడు వెళ్తానని అనకూడదు కాబట్టి వస్తానంటాడు. ఇంట్లో ఉండేవాళ్ళు వెళ్ళిరమ్మంటారు. సింహాద్రి మాత్రం ఈ రెండింట్లో ఏదీ అనడు. రోహిణి చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు మొండికేసేది, నాన్న ఎల్లిరా అంటేనే కదులుతానని. అతను దాని బూట్ల లేసులు కట్టేవాడు, తల నిమిరేవాడు, వీధి చివరిదాకా వెంట నడిచేవాడు. ఆ ఒక్క మాట మాత్రం గొంతు దాటేది కాదు. ఎర్నమ్మ మొదట్లో దాన్ని మిలటరీ బిగువనేది. తర్వాత్తర్వాత అతని వంతు కూడా తనే అనడం అలవాటు చేసుకుంది.

పేపరు కింద గోధుమరంగు కవరుంది. అందులో రికార్డుల సవరణ మండలి ఉత్తరం. పరీక్షకు గురువారం రమ్మని రాశారు. ఇవాళ మంగళవారం.

ఇదంతా చిన్న చిన్న తప్పులతో మొదలైంది. పాత సర్వీసు రికార్డులన్నీ కంప్యూటర్లలోకి ఎక్కించి, ఎవరి నకలు వాళ్ళకు పంపారు. తప్పులుంటే మార్చి నెలాఖరులోగా సవరణ కోరవచ్చు, ఆ తర్వాత పాత కాగితాలను ఇక ఎవరూ తెరవరు. సింహాద్రి నకలు చూసి ఎర్నమ్మ ఒక పూటంతా నవ్వింది. ఇంటిపేరు ముందు రాసే మన అలవాటు అర్థంకాని గుమాస్తా ఎవడో, పేరు దగ్గర గొర్లె అనీ, తండ్రి పేరు దగ్గర సింహాద్రి అనీ కొట్టాడు. నీకు నువ్వే తండ్రివయ్యావంది ఎర్నమ్మ. రక్తం గ్రూపు కూడా తప్పే. యుద్ధంలో ఎవరైనా నీకు రక్తం ఎక్కించుంటే నేను ఇంకెవర్నో కట్టుకునేదాన్నంది.

సవరణ ఫారంలో నాలుగు గడులున్నాయి. పేరుకొకటి, రక్తానికొకటి, ఊరి పేరులో పోయిన అక్షరానికొకటి. అతను మూడూ నింపి, నాలుగో గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టాడు. కవరు అంటించాడు. రెండు రోజులు దాన్ని బల్లమీదే ఉంచుకున్నాడు. మూడోరోజు కవరు చింపి, నాలుగో గడిలో ఏడో పేజీ, ఆరో వాక్యం అని రాసి, మళ్ళీ చదివితే ధైర్యం చాలదని చదవకుండానే పోస్టు చేశాడు.

ఆ పేజీలో ఇలా ఉంది: "లాన్స్ నాయక్ తవిటయ్య పోస్టు వదిలి కిందికి వస్తున్నట్టు వైర్‌లెస్‌లో తెలిపినట్టు ఆపరేటర్ సింహాద్రి వాంగ్మూలం. తవిటయ్య చేరలేదు. పరారీగా పరిగణించడమైనది." దాని కింద ఇంకో వాక్యం. పంతొమ్మిది గంటలు సెట్టు వదలకుండా విధి నిర్వహించినందుకు ఆపరేటర్‌కు ప్రశంస.

ముప్పై నాలుగేళ్ళ కిందటి సంగతి. సరిహద్దు మంచుకొండల్లో పై పోస్టులో ముగ్గురు, కింద పోస్టులో తొమ్మిదిమంది. అవతలివాళ్ళు వైర్‌లెస్ వింటున్నారని కెప్టెన్ ఒక ఉపాయం చేశాడు. పైన ఒక తెలుగువాణ్ణి, కింద ఒక తెలుగువాణ్ణి సెట్ల దగ్గర కూర్చోబెట్టాడు. తవిటయ్యది, సింహాద్రిది పక్కపక్క ఊళ్ళు. ఒకర్నొకరు బావా అని పిలుచుకునేవాళ్ళు. మంచు ఎంత కురిసిందో, గుండ్లు ఎక్కడ పడుతున్నాయో పొలం కబుర్లలాగా చెప్పుకునేవాళ్ళు. అవతలివాళ్ళకు అందులో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. కెప్టెన్‌కూ అంతే.

ఆ ఉదయం పై పోస్టు మీద గుండ్లు పడ్డాయి. కాసేపటికి సెట్టులో తవిటయ్య గొంతు వచ్చింది. తర్వాత ఆగిపోయింది. ఏమన్నాడని కెప్టెన్ హిందీలో అడిగాడు. సింహాద్రి చెప్పాడు, "ఆ రహా హై, సాబ్."

వస్తున్నాడు సాబ్.

వస్తున్నవాడి కోసం పైకి ఎవర్నీ పంపరు. ఎవర్నీ పంపలేదు.

*

తవిటయ్య నిజంగా ఏమన్నాడు? వస్తున్నాననా, వస్తాననా? పోస్టు వదిలి దిగి వస్తున్నానని చెప్పాడా, లేక ఇంటి గుమ్మంలో చెప్పినట్టు సెలవు తీసుకున్నాడా? మొదట్లో సింహాద్రికి అనుమానమే లేదు. వస్తున్నానన్నాడు, తను "రా బావా, టీ పెడతాను" అన్నాడు. గుర్తుంది. మంచు గడ్డలు డబ్బాలో వేసి స్టవ్ మీద పెట్టాడు. రెండు మగ్గులు తుడిచి పక్కపక్కన పెట్టాడు. ఆ మగ్గుల్లో ఒకదానికి అంచు సొట్ట. అంత వివరంగా గుర్తున్నది అబద్ధం ఎలా అవుతుంది?

అయితే ఆ జ్ఞాపకం ఏళ్ళు గడిచినకొద్దీ మసకబారలేదు, మెరుగుపడింది. మొదటి ఏళ్ళలో ఆ జ్ఞాపకంలో మగ్గులు లేవేమోనని తర్వాత అనిపించింది. ఒకసారి రైల్లో వస్తూ దాన్ని తలుచుకుంటే తవిటయ్య గొంతులో నవ్వు కూడా వినబడింది. గుండ్లు పడుతున్న కొండ మీంచి నవ్వేమిటి? ఆ రోజునుంచి అతను తన మనసుని, ఇంట్లో చేరిన కొత్త మనిషిని చూసినట్టు, ఒక కంట కనిపెట్టడం మొదలుపెట్టాడు.

మండలి తరఫున జ్ఞాపకాలను పరీక్షించే పరిశోధనశాల విశాఖలో సముద్రం కనబడే గుట్టమీద ఉంది, అక్కడికి అతను ఒకసారి వెళ్ళివచ్చాడు. డాక్టర్ సుభాషిణి అతన్ని కూర్చోబెట్టి, ఏ బొమ్మలూ చూపించకుండా, గది గోడమీద పెచ్చు ఊడిన చోట వేలితో గీరింది. నీలం కింద తెలుపు, తెలుపు కింద పసుపు, దాని కింద సున్నం.

"గుర్తు చేసుకున్న ప్రతిసారీ మనం ఒక పూత వేస్తాం సింహాద్రిగారూ. పాతది పోదు, కిందే ఉంటుంది. అయితే పైపూతే మనకు కనబడేది. చెవి మొట్టమొదట విన్నదేదో, ఆ అడుగు సున్నందాకా మా యంత్రం వెళ్తుంది. మేం దీన్ని తొలి వినికిడి అంటాం."

తర్వాత ఏమవుతుందని అతనడిగాడు. ఆమె వేలికంటిన సున్నం తుడుచుకుంది.

"ఇక దానిమీద పూత అంటదు. ఎన్నేళ్ళయినా ఆ క్షణం ఆ రోజున్నట్టే ఉంటుంది. కాలం మీకు చేసే ఉపకారం ఏదైనా ఉంటే, ఆ ఒక్క జ్ఞాపకానికి చెయ్యదు. ఇది చెప్పకుండా సంతకం పెట్టించుకోవడం నాకిష్టం లేదు."

బయట వరండాలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. లారీ డ్రైవరట. ప్రమాదంలో తప్పు తనది కాదని తేల్చుకోవడానికి రెండేళ్ళ కిందట పరీక్ష చేయించుకున్నాడు. తప్పు అతనిది కాదనే తేలింది. పక్కన కూర్చున్న భార్య అరటిపండు ఒలిచి చేతిలో పెడుతూ సింహాద్రితో మామూలుగానే చెప్పింది. "బాగానే ఉంటాడండీ. అన్నం తింటాడు, నవ్వుతాడు. బ్రేకు చప్పుడు వినబడితే మాత్రం ఆ పిల్లాడు ఇప్పుడే పోయినట్టు ఏడుస్తాడు. ఇప్పుడే, కొత్తగా." డ్రైవరు అరటిపండు తింటూ సింహాద్రి వైపు చూసి సిగ్గుగా నవ్వాడు.

*

బుధవారం ఎర్నమ్మ ఇంటిపనులు ఆపి అతని ఎదురుగా పీట వేసుకు కూర్చుంది. ఆమె అడిగింది ఒక్కటే. ఇన్నేళ్ళు లేనిది ఇప్పుడెందుకు? పోయినవాడు పోయాడు, పరారీ అని రాస్తే వాడికేం తెలుస్తుంది?

సింహాద్రి అమ్మడి పేరెత్తాడు. తవిటయ్య భార్య. తను పటాలం నుంచి తిరిగొచ్చిన ఏడాది వాళ్ళ ఊరు వెళ్ళాడు. అమ్మడు నుదుట రూపాయంత బొట్టు, చేతులనిండా గాజులు. మంచినీళ్ళు ఇచ్చింది. పైనుంచి వచ్చిన కాగితం పోస్టుమాస్టరు చేత చదివించుకుందట. అందులో పరారీ అన్న మాటను ఆమె పట్టించుకోలేదు. ముందున్న వాక్యమే పట్టుకుంది. "వస్తానన్నాడంట కదా అన్నా" అంది. "నీతోనే అన్నాడంట."

తవిటయ్య అతన్ని బావా అనేవాడు కాబట్టి ఆమెకు అన్న అయ్యాడు. అతను మంచినీళ్ళు తాగి, తలూపి వచ్చేశాడు. మళ్ళీ ఆ ఊరి ఛాయలకు పోలేదు. ఆ ఊరి బస్సు పక్కనుంచి పోతున్నా తల తిప్పుకునేవాడు. ఊళ్ళోవాళ్ళు తవిటయ్య ఎక్కడో ఇంకో కాపురం పెట్టాడనుకుంటారని, ఆమె గుళ్ళో వాయనాలకు వెళ్తే కొందరు నవ్వుకుంటారని ఆ నోటా ఈ నోటా విన్నాడు. ఆమె బొట్టు మాత్రం తియ్యలేదట. వస్తానన్నాడుగా.

ఎర్నమ్మ పీట ముందుకి జరుపుకుంది.

"ఆ యంత్రం నువ్వు తప్పు విన్నావని చెప్తే?" అంది.

"రికార్డు సరిచేస్తారు."

"నువ్వు సరిగ్గానే విన్నావని చెప్తే?"

సింహాద్రి పెదవులు తడుపుకున్నాడు. భార్య అడిగిన ప్రశ్నకు రెండర్థాలున్నాయి. తవిటయ్య నిజంగానే దిగి వస్తున్నానని చెప్పి ఉంటే, సింహాద్రి తప్పేమీ లేదు. తవిటయ్య సెలవు తీసుకోగా, సింహాద్రి దాన్ని సెలవుగానే సరిగ్గా విని ఉంటే? అప్పుడు కెప్టెన్‌తో అన్నమాట ఏమవుతుంది? ఆమె ఏ అర్థంలో అడిగిందో అతనికి తెలీలేదు. అడగలేదు. అప్పట్లో ఆ వారమే, పై పోస్టుకు వెళ్ళే మంచుగోడ ఎక్కబోయి ముగ్గురు జారిపడి పోయారు. కింద పోస్టులో ఎక్కగలిగే సత్తువ ఉన్నవాళ్ళు ఇద్దరే. ఒకడు సింహాద్రి. ఈ లెక్క అతను ఎవరితోనూ ఎన్నడూ పైకి అనలేదు. దానిమీద పూతలు వేయడం కూడా అవసరమనిపించలేదు. దాన్నెప్పుడూ గుర్తు చేసుకోలేదు గనక.

*

గురువారం ఉదయం పది గంటలకు అతన్ని వాలు కుర్చీలో పడుకోబెట్టి తలకు మెత్తటి టోపీలాంటిది తొడిగారు. అరిచేతుల్లో మంచు నింపిన సంచులు పెట్టారు. గదిలోకి కిరోసిన్ వాసన వదిలారు. చెవుల్లో సెట్టు గరగర మొదలైంది. సుభాషిణి అతని మణికట్టు పట్టుకుని, ఏమీ గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించవద్దని, అదే వస్తుందని చెప్పింది.

మొదట వచ్చినవి మగ్గులు. సొట్టతో సహా. "రా బావా, టీ పెడతాను." తన గొంతే. ఎంత బాగుందో.

"ఇది పైపూత. ఊపిరి తీసుకోండి" అంది సుభాషిణి.

మగ్గులు పోయాయి. మళ్ళీ ఇంకోరకంగా వచ్చాయి, ఒక్కటే మగ్గు. అదీ పోయింది. తర్వాత నవ్వులేని గొంతు. తర్వాత గొంతు కూడా లేని గరగర. పూత తర్వాత పూత ఊడుతోంది. ఆపేయమని అందామనుకున్నాడు. నాలుక కదిలే లోపల అది వచ్చింది.

అది జ్ఞాపకంలా లేదు. తవిటయ్య అతని చెవిలో ఉన్నాడు.

"ఇద్దరూ పోయారు బావా. నేనొక్కణ్ణే. బ్యాటరీ అయిపోతంది." గాలి. దగ్గు. "అమ్మడికి సెప్పు, రేకుపెట్టె తాళంసెవి దూలం సందులో ఎట్టేను. మర్సిపోకు." మళ్ళీ గాలి. "సరే మరి. వస్తాను బావా."

ఆ తర్వాత గరగర. అందులోంచి, చాలా దగ్గరగా, నెమ్మదిగా ఇరవయ్యేడేళ్ళ తన గొంతు.

"ఎల్లిరా బావా."

అంతే. టీ లేదు. మగ్గులు లేవు. కాసేపటికి బూట్ల చప్పుడు, హిందీలో కెప్టెన్ గొంతు, ఏమన్నాడని. తర్వాత తన జవాబు. ఆ జవాబుకీ ప్రశ్నకీ మధ్య రెండు ఊపిర్లు ఉన్నాయి. సింహాద్రి వాటిని లెక్కపెట్టాడు. యంత్రం అక్కడితో ఆగింది.

కళ్ళు తెరిస్తే సుభాషిణి అతని వైపు చూడటం లేదు. మంచుసంచులు తీసి పక్కన పెడుతోంది. ఆమెదీ తమ వైపే, విజయనగరం. ఆ సంభాషణలో ఏముందో ఆమెకి ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు.

మగ్గులు మరి ఎక్కడివి? అడక్కుండానే అతనికి జవాబు తెలిసింది. కెప్టెన్ వెళ్ళాక పెట్టాడు. తను చెప్పిన మాట నిజం కావాలని, వచ్చేవాడి కోసం మగ్గు తుడిచిపెట్టాడు. పంతొమ్మిది గంటలూ దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

*

మండలి నిబంధన ప్రకారం పరిశోధనశాలవాళ్ళు మాటలకు అర్థం చెప్పకూడదు. శబ్దం తీసి ఇవ్వడమే వాళ్ళ పని. అర్థం సాక్షి చెప్పి సంతకం చెయ్యాలి. పక్కగదిలో తెరమీద మండలి అధికారి కనబడ్డాడు. ఉత్తరాదివాడు. నెరిసిన మీసం, మర్యాదైన హిందీ. అతని ముందు తెలుగులో రాసిన ఎనిమిది వాక్యాలున్నాయి. అవి అతనికి గీతలు మాత్రమే.

మళ్ళీ ఆ కింద పోస్టే, మళ్ళీ అదే ప్రశ్న అనిపించింది సింహాద్రికి. ఏమన్నాడు?

మొదటి వాక్యాలు సులువుగానే అయ్యాయి. వస్తాను దగ్గర అధికారి ఆగాడు. దీనికి వస్తున్నాను అనే కదా మీరు అప్పట్లో చెప్పారు? ఇప్పుడేమంటారు? సింహాద్రి చెప్పాడు. మా వైపు సెలవు తీసుకునేవాడు వెళ్తాననడు సాబ్, వస్తానంటాడు. పెళ్ళికి వచ్చినవాడూ అదే అంటాడు, ఆస్పత్రికి వెళ్ళేవాడూ అదే అంటాడు. తాళం ఎక్కడుందో చెప్పి మరీ అన్నాడు. అతను దిగి రాలేదు, అక్కడే ఉండిపోయాడు.

అధికారి కళ్ళజోడు సర్దుకున్నాడు. అతను చెడ్డవాడేమీ కాదు, తన పని తను చేస్తున్నాడు. పారిపోయేవాడు కూడా ఇంటికి తాళం కబురు పంపవచ్చు కదా అన్నాడు. మాటకు రెండర్థాలున్నప్పుడు ఏది నిజమో తేలేదెలా? విన్నవాడు ఆ క్షణంలో ఏమని అర్థం చేసుకున్నాడన్నది ఒక్కటే ఆధారం. ఆఖరి వాక్యం మీదే అని రాసి ఉంది. మీరేమని బదులిచ్చారు?

సింహాద్రి ఆ రెండు మాటల వైపు చూశాడు. ఎల్లిరా బావా.

దీన్ని కూడా ముక్కలుగా విరవచ్చు. ఎల్లి, రా. ఆఖర్న రా ఉంది. రమ్మన్నాను సాబ్ అంటే చాలు. అప్పుడది ఒక అమాయకుడి పొరపాటు. స్నేహితుడి సెలవుని రాక అనుకున్నాడు పాపం, ఇన్నాళ్ళకు గ్రహించాడు. తవిటయ్య మీద పరారీ ముద్ర బహుశా పోదు. ఒకవేళ ఈ మర్యాదస్థుడు దయతలిస్తే పోవచ్చు కూడా. తన ప్రశంస తనకుంటుంది. ఎర్నమ్మ, రోహిణి. వీధిలో హవల్దారుగారూ అనే పిలుపు. ఈ మొత్తం ఆలోచనకు అతనికి రెండు ఊపిర్లు పట్టాయి. ఆ సంగతి గమనించి అతను భయపడ్డాడు. అప్పుడూ సరిగ్గా రెండే.

గోడ పక్కన సుభాషిణి నిలబడి ఉంది. ఆమె మాట్లాడకూడదు. చేతులు కట్టుకుని కిటికీలోంచి సముద్రంలో నిలిచిన ఓడను చూస్తోంది.

"సాబ్," అన్నాడు సింహాద్రి.  "అది సెలవు తీసుకున్నవాడికి చెప్పే మాట. వేరేవాళ్ళకు చెప్పరు. వాడు సెలవు తీసుకుంటున్నాడని నాకు తెలుసు. తెలిసే మీవాళ్ళకు వస్తున్నాడని చెప్పాను. వాడికోసం నన్ను పైకి పంపుతారని."

తెరమీద మీసం కదల్లేదు. అధికారి కలం తీసి ఏదో రాసుకున్నాడు. చాలాసేపు రాశాడు. లాన్స్ నాయక్ తవిటయ్య రికార్డు సవరణకు సిఫారసు చేస్తున్నట్టు, అలాగే హవల్దార్ సింహాద్రి రికార్డులో ఒక ప్రశంస తొలగించి తప్పుడు వాంగ్మూలం నమోదు చెయ్యాల్సి ఉంటుందని, దానికి ఆయన చింతిస్తున్నట్టు చెప్పాడు. పేరు, రక్తం గ్రూపు, ఊరు మామూలుగా సరిదిద్దుతామన్నాడు. శబ్దం మండలి భద్రతలో ఉంటుంది, ఎవరికీ నకలు ఇవ్వరు.

*

శుక్రవారం పొద్దున్న రోహిణి గుమ్మం దగ్గర ఆగి "వస్తాను నాన్నా" అంది.

గాలి వినబడింది. దగ్గు వినబడింది. బ్యాటరీ అయిపోతంది. చేతుల్లోంచి పేపరు జారిపోయింది. అతను గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు.  రోహిణి హెల్మెట్ విసిరేసి పరుగున వచ్చింది. ఎర్నమ్మ దాన్ని ఆపి, తనే అతని పక్కన నేలమీద కూర్చుంది. జరిగిందంతా ఆమెకు ముందురోజే చెప్పాడు. ఆమె తిట్టలేదు, ఓదార్చలేదు. ముక్కు చీదుకుని, కూతురితో మాత్రం ఒక మాట అంది. ఇకనుంచి ఈ ఇంట్లో బయటికి పోయేటప్పుడు చెప్పకుండా పోవాలి. నాన్న ఎదురుగా ఆ మాట అనొద్దు. రోహిణి ఎందుకని అడగబోయి, తల్లి మొహం చూసి ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం సింహాద్రి అమ్మడి ఊరికి బస్సెక్కాడు.

పాత పెంకుటిల్లు లేదు. దాని చోట రెండు గదుల స్లాబు. అమ్మడు వరండాలో చేటలో మినుములు చెరుగుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. బొట్టు అంతే ఉంది. ఆమె అతన్ని ఆనవాలు పట్టడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత చేట పక్కన పెట్టి, లోపలికెళ్ళి మంచినీళ్ళు తెచ్చింది. అతను గ్లాసు పట్టుకున్నాడు గానీ తాగలేదు. అలా పట్టుకునే చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. రెండు ఊపిర్ల సంగతి కూడా చెప్పాడు. కిందినుంచి ఎవరైనా వెళ్ళుంటే తవిటయ్య బతికేవాడో లేదో తెలీదని, అది ఏ యంత్రమూ చెప్పదని చెప్పాడు.

ఆమె మినుముల్లోంచి ఒక రాయి ఏరి బయటికి విసిరింది. ఇంకోటి ఏరింది.

"అయితే ఆ మాట నాకోసం అన్నది కాదు" అంది చివరికి.

అతను గ్లాసులో నీళ్ళ వైపు చూశాడు.

"ఇది తీసెయ్యాలా ఇప్పుడు?" నుదురు చూపించింది. "అది కూడా ఆ కాయితంలోనే రాసొస్తాదేటి?"

అందులో వెటకారం ఉందో, నిజంగానే అడుగుతోందో తెలీలేదు. సింహాద్రి గ్లాసు కింద పెట్టి, తాళం కబురు చెప్పాడు. దూలం సందులో పెట్టానన్నాడని, మర్చిపోకు అన్నాడని, తను మర్చిపోయాడని. అమ్మడు మొదటిసారి తలెత్తి సూటిగా చూసింది. లోపల మంచం కింద రేకుపెట్టె అంచు కనబడుతోంది. దానికి పాతకాలం తాళంకప్ప ఇంకా వేసే ఉంది. వచ్చాక ఆయనే తీస్తాడని పగలగొట్టనివ్వలేదట. పదిహేనేళ్ళ కిందట ఇల్లు పడగొట్టినప్పుడు దూలాలు ముక్కలు చేయించి పొయ్యిలో పెట్టుకుంది. రెండు వర్షాకాలాలు వంట సాగింది.

"పొయ్యిలోకే ఎల్లిపోయుంటాది" అంది. తాళం సంగతే చెప్పింది. ఆమె పెదవి ఒకవైపు వంకరపోయింది. నవ్వబోయి ఆగినట్టుంది.

తర్వాత అడిగింది. "ఆ మిషను ఆయన గొంతు తీసిందన్నావు. ఇచ్చారా?"

ఇవ్వరని చెప్పాడు. తన తలలో మాత్రం ఉందని, అది ఇక మారదని, ముసలితనానికి కూడా చెరగదని చెప్పాడు. ఆమె చేట పక్కకి జరిపి, చేతులు చీర కుచ్చెళ్ళకు తుడుచుకుని, వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"అను."

అతను కళ్ళు మూసుకోనక్కరలేకపోయింది. గాలి, గరగర, దగ్గు. అతని నోట్లోంచి అది అతని గొంతుతోనే వచ్చినా, ఆగినచోట్లు తవిటయ్యవి. మాట సాగదీసిన చోటు తవిటయ్యది. అమ్మడు అని పిలవడంలో ఉన్న ముద్దు తవిటయ్యది. "సరే మరి. వస్తాను బావా." ఆ తర్వాత అతని పెదవులు తమంతట తామే మరో మాటకు విచ్చుకున్నాయి.

"నీది వద్దు" అంది అమ్మడు. "అక్కడికి ఆపెయ్."

ఆపేశాడు. మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు. మూడోసారి తన పేరు దగ్గరనుంచి అనమంది. ప్రతిసారీ అతనికి చేతులు మంచులో పెట్టినట్టు కొంకర్లు పోయాయి. ఎన్నోసారైనా అది మొదటిసారే. ఆమె అతని బాధను చూస్తూనే ఉంది. ఆగమనలేదు. ఎండ వరండా మెట్టు మీంచి నేలకు దిగింది.

"మర్సిపోవా ఎప్పటికీ?"

"మర్చిపోలేనమ్మా."

"మంచిది" అంది.

ఆఖరి బస్సు వేళయింది. సింహాద్రి లేచాడు.  క్షమించమని అడగాలని ఇంటిదగ్గర అనుకుని వచ్చాడు, ఇప్పుడది అడగడానికి చోటు కనబడలేదు. చెప్పులేసుకుని, వాకిలి దాటుతూ, ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి, అలవాటు లేని నోటికి ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"వస్తానమ్మా."

అనేసి నిలువునా బిగుసుకుపోయాడు. చెవుల్లో గాలి లేచింది.

వెనక అమ్మడు చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్న చప్పుడైంది.

"ఏ వస్తాను?" అంది.

అతను తిరిగి చూశాడు. ఆమె మొహంలో దయ లేదు, కోపమూ లేదు. తేల్చుకోవలసినదాన్ని తేల్చుకోకుండా వదలని మనిషిలా చూస్తోంది. మలుపు దగ్గర బస్సు హారను కొట్టింది. సింహాద్రి గేటు కమ్మీ పట్టుకుని, ఒక్క ఊపిరిలో చెప్పాడు.

"సోమవారం. సోమవారం వస్తాను."

అమ్మడు ఎల్లిరా అనలేదు. మినుముల్లోకి తల వంచుకుంది.

"పొద్దున్నే రా" అంది.